నలువదియేడు పంక్తుల దరఖాస్తు

మన పాఠశాల వార్షిక పత్రికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి పంపుమని సంపాదకవర్గములోని నా పూర్వోపాధ్యాయులు ఉత్తరము వ్రాసిరి. నేను ఈ పాఠశాలలో ఎనిమిదవ తరగతి వఱకే చదివినవాడను. 2021వ సంవత్సరమున మా తల్లికి అమెరికాలో నర్సు ఉద్యోగము దొరకగా మా కుటుంబమంతయు ఒహాయో రాష్ట్రములోని సిన్సినాటి నగరమునకు తరలిపోయెను. అక్కడి హైస్కూలులో నాలుగేండ్లు చదివి, ఇప్పుడు ఇంగ్లండు ఉత్తరభాగమునందలి యొక విశ్వవిద్యాలయమున భూగోళశాస్త్రము చదువుచున్నాను. అమెరికాలో నున్న పిల్లవాడు అక్కడనే చదువుకొనక, మరల సముద్రము దాటి ఇంగ్లండునకు ఏల పోయెనని మన ఊరివారు మా అమ్మమ్మను అడుగుచున్నారట. ఆమెకు ఏమి చెప్పవలెనో తోచక, "వాడికి బుద్ధి పుట్టింది, పోయాడు" అని ఊరకుండుచున్నదట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. నా తెలుగులో దోషములున్నచో పెద్దలు మన్నింతురుగాక. నెలకొక ఉత్తరము తెలుగున వ్రాసి తీరవలెనని మా తాతగారు పెట్టిన నియమమే ఈ మాత్రపు భాషనైనను నాకు నిలిపినది.

ముందుగా రెండు దేశముల పద్ధతులను చెప్పెదను. ఇవి తెలియనిదే నా సంగతి బోధపడదు.

అమెరికాలో కళాశాలలో చేరగోరు విద్యార్థి తాను ఏ శాస్త్రము చదువదలచెనో ముందుగా నిర్ణయించుకొననక్కఱలేదు. ఒకటి రెండేండ్లు పలువిషయములు రుచిచూచి, పిమ్మట ప్రధానవిషయమును ఎన్నుకొనవచ్చును. కామన్ అప్లికేషన్ అను ఒకే దరఖాస్తుతో ఇరువది కళాశాలల వఱకు కోరవచ్చును. అందులో మార్కులతోబాటు ఆటలు, సంగీతము, సంఘసేవ, సెలవులలో చేసిన పనులు అన్నియు వ్రాయవలెను. వానిలో ముఖ్యమైనదొకటి 650 మాటలకు మించని యొక స్వీయవ్యాసము. "నీ వెవరవు? నీ జీవితమున ఏమి జరిగినది? దానివలన నీవు ఎట్లు మారితివి?" అనునదే ఆ వ్యాసమునకు సారాంశము.

బ్రిటనులో పద్ధతి వేఱు. చెల్టెన్‌హామ్ పట్టణమునందు యూకాస్ అను సంస్థ యున్నది. ఆ దేశమునందలి విశ్వవిద్యాలయములలో డిగ్రీ చదువగోరువారి దరఖాస్తులు దాదాపుగా అన్నియు దానిద్వారానే పోవును. అయిదు స్థానములకు మించి కోరరాదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి అను రెండింటిలో ఒక యేడు ఒకదానినే కోరవలెను. దరఖాస్తునాడే శాస్త్రమును ఎన్నుకొనవలెను. ఇంగ్లండున సాధారణముగా భూగోళశాస్త్రమనిన భూగోళశాస్త్రమే, మొదటి దినమునుండి కడపటి దినము వఱకు అదియే చదువు. ఇంగ్లండున మూడేండ్లు, స్కాట్లండున నాలుగేండ్లు. నేను దరఖాస్తు పెట్టిన 2024లో ఆ సంస్థ కోరిన వ్యాసము ఖాళీలతో గూడ 4,000 అక్షరములకును, నలువదియేడు పంక్తులకును లోబడి యుండవలెను. అయిదు విశ్వవిద్యాలయములకును ఆ యొక్క వ్యాసమే పోవును. 2026లో చేరువారినుండి దానిని మూడు ప్రశ్నలుగా విభజించిరి. అక్షరముల మితి మాత్రము మారలేదు. ఆ పంక్తులలో బ్రిటనువారు ముఖ్యముగా అడుగునది ఇది: "ఈ శాస్త్రమును నీ వేల కోరుచున్నావు? ఇప్పటికి దీనిలో ఏమి చదివితివి, ఏమి ఆలోచించితివి?"

నాకు భూగోళశాస్త్రముపై అభిలాష కలుగుటకు కారణము మా అమ్మమ్మగారి ఇంటి గోడ. వారిది గోదావరి పాయల నడుమనున్న లంక గ్రామము. 1986వ సంవత్సరము ఆగస్టు నెలలో వచ్చిన మహావరదలో ధవళేశ్వరమువద్ద నీటి ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులు దాటినది. నాడు ఇంటిలో నీరు నిలిచిన ఎత్తున మా తాతగారు గోడపై ఉలితో ఒక గీత చెక్కిరి. చిన్ననాడు నేను ఆ గీతక్రింద నిలువబడి, నా తల దానిని ఎప్పుడు అందునా యని చూచుకొనుచుండెడివాడను. 2022 జూలైలో గోదావరి మరల పొంగెను. భద్రాచలమువద్ద 71 అడుగులు దాటినది. నేను అప్పుడు సిన్సినాటిలో నుంటిని. రెండు దినములు అమ్మమ్మతో మాటాడ వీలు పడలేదు. మూడవనాడు మా మేనమామగారు ఒక ఛాయాచిత్రము పంపిరి. ఉలిగీతకు జానెడు క్రిందుగా అమ్మమ్మ పసుపుతో క్రొత్త గీత గీసియుండెను.

అందఱును బ్రదికియున్నారను సంతోషము తీఱిన పిదప నాకొక సందేహము కలిగెను. 2022లో ధవళేశ్వరమువద్ద ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులకు కొంచెము పైన మాత్రమే. అనగా 1986 కంటె తొమ్మిది పది లక్షలు తక్కువ. అంత తక్కువ నీరు వచ్చినను, మా గోడమీద తేడా ఒక్క జానెడేనా? నదీగర్భమున ఇసుక మేటవేసినదా? ఆనాడు సముద్రము పోటుమీద నుండి నీటిని పోనీయలేదా? గట్ల నడుమ దారి ఇఱుకైనదా? ఈ సందేహము నన్ను విడువలేదు. సిన్సినాటి నగరముకూడ ఒహాయో నది యొడ్డుననే యున్నది. 1937 జనవరిలో ఆ నది సుమారు 80 అడుగుల ఎత్తునకు లేచి ఆ నగరమును ముంచినది. మనకు వర్షకాలమున వరద వచ్చును. వారికి ఆ వరద చలికాలపు నడుమ వచ్చినది. ఈ తేడా కారణములను వెదకుచు గ్రంథాలయమున దొరకిన నదుల పుస్తకములన్నియు చదివితిని.

అమెరికాలో భూగోళశాస్త్రము లేకపోలేదు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునందే మంచి శాఖ కలదు. కాని హార్వర్డు విశ్వవిద్యాలయము 1948లో తన భూగోళశాస్త్రశాఖను మూసివేసినది. మఱికొన్ని గొప్ప విద్యాలయములలోను ఆ శాస్త్రమునకు ప్రత్యేకశాఖ లేదు. మా హైస్కూలులో దానిని తొమ్మిదవ తరగతివారు ఒక్క యేడు చదివి మఱచిపోవు పాఠముగా ఎంచిరి. బ్రిటనులోనన్ననో, ఆక్స్‌ఫర్డ్‌లో 1899లోనే భూగోళశాస్త్రమునకు ప్రత్యేక విద్యాలయము ఏర్పడినది. నేటికిని అక్కడి పిల్లలు కోరినచో పదునెనిమిదవ యేటివఱకు దానిని ప్రధానపాఠముగా చదువవచ్చును. ఈ సంగతి తెలిసిన దినముననే నాకు ఇంగ్లండు తలపు కలిగెను.

మా హైస్కూలులో నాలుగువందలకు పైబడిన విద్యార్థులకు ఒక్కరే సలహాదారు. ఆమె దయగలవారు. కాని బ్రిటనునకు దరఖాస్తు పెట్టినవారిని ఆమె అంతవఱకు చూడలేదు. నేను చెప్పినది విని, "ముందు అమెరికా వ్యాసము వ్రాయుము. అది బాగుండినచో దానినే కత్తిరించి వారికిని పంపవచ్చును" అనిరి. సరేయని వేసవిలో కూర్చుండి వ్రాసితిని. ఏమి వ్రాసితినో దాచక చెప్పెదను. మా తల్లినిగూర్చి వ్రాసితిని. ఆమె రాత్రి ఏడుగంటలకు పనికిపోయి ఉదయము ఎనిమిదింటికి వచ్చుట, బూట్లు విప్పుటకైనను ఓపికలేక వంటయింటి గోడకు చేరబడుట, మందుల వాసనగల ఆమె చేతులు, పరాయిదేశపు రోగి యొకడు ఆమె మాటతీరును వెక్కిరించుట, ఆమె స్నానాల గదిలో కుళాయి విప్పి ఏడ్చుట నేను తలుపువెలుపల వినుట, ఇవన్నియు 640 మాటలలో కూర్చితిని. సలహాదారుగారు చదివి కన్నీరు తుడుచుకొనిరి. "ఇది నిన్ను ఎక్కడికైనను చేర్చును" అనిరి. నేను పొంగిపోతిని.

ఆ కాగితము బల్లమీద మఱచితిని. మఱునాడు ఉదయము పనినుండి వచ్చిన మా తల్లి దానిని చదివెను. నేను మేడ దిగివచ్చుసరికి ఆమె ఇంకను కోటు విప్పక కూర్చుండి యుండెను. కోపపడలేదు. మెల్లగా ఇట్లనెను: "నేను ఏడ్చినట్టు మీ నాన్నకు కూడా చెప్పలేదు నాయనా. నువ్వు దాన్ని కాగితం మీద పెట్టి సీటు అడుగుతావా?"

నేను జవాబు చెప్పలేకపోతిని. అందఱును ఇట్లే వ్రాయుదురని చెప్పబోయి మానితిని. నిజముగా అందఱును ఇట్లు వ్రాయరు. తన సంగతి తాను వ్రాసికొనువారు వ్రాసికొందురు. నేను ఇంకొకరి దుఃఖమును ఆమె సెలవు లేకయే తీసికొంటిని. అది మాటలచేత చక్కగా అమరినందున నాకు తప్పుగా తోచలేదు. ఆ కాగితమును చించివేసితిని. అమెరికా దరఖాస్తునకు వేఱొక వ్యాసము, తాతగారికి నెలనెల వ్రాయు ఉత్తరములనుగూర్చి వ్రాసితిని. అది మొదటిదానియంత కదిలించునది కాదు. సలహాదారుగారు కొంచెము నిరుత్సాహపడిరి. అయినను అది నాది.

ఇక బ్రిటను వ్యాసము మిగిలెను. నలువదియేడు పంక్తులు. కూర్చుండి చూడగా, నా తల్లి కష్టము, నా పరదేశవాసము, నా స్నేహపాత్రత, ఈత పందెములో వచ్చిన పతకము, ఇవన్నియు తీసివేసిన పిదప చెప్పుటకు ఎనిమిది పంక్తులైనను లేవు. నదులనుగూర్చి చాల చదివితినని యనుకొంటినిగాని, చదివినదానిలో ఏది ఒప్పుకొంటిని, ఏది ఒప్పుకొనలేదు, ఎందుచేత అని అడిగిన యెడల నాయొద్ద మాట లేదు. సిగ్గుపడితిని. పర్యావరణశాస్త్రము బోధించు ఉపాధ్యాయుని యొద్దకు పోయి నా అవస్థ చెప్పుకొంటిని. ఆయన, "నీవు ఆ గోడ సంగతి నాకు మూడుమార్లు చెప్పితివి. ఇందులో ఎక్కడను లేదేమి?" అని అడిగెను. అది ఇంటిసంగతి యని విడిచితి నంటిని. ఆయన నవ్వి, "ఇంటిసంగతి నీ తల్లిది. గోడమీది ప్రశ్న నీది" అనెను.

ఆ మాట పట్టుకొని ఆఱువారములు శ్రమించితిని. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాను ఎట్లు మార్చినదో చదివితిని. 1982లో పూర్తియైన క్రొత్త బ్యారేజీని గూర్చి చదివితిని. ఎగువనున్న ఆనకట్టల వెనుక మన్ను నిలిచిపోవుటచేత డెల్టాకు చేరు ఒండ్రు తగ్గి, సముద్రపుటొడ్డు కోసికొనిపోవుచున్నదను పరిశోధనలను చదివితిని. ఒండ్రు తగ్గినచో నదీగర్భము ఎట్లు పూడును? ఒకచోట పూడి వేఱొకచోట తెగుచున్నదా? ఈ ప్రశ్నలనే వ్రాసితిని. అక్షరము అక్షరము లెక్కించి 3,994 వద్ద నిలిపితిని. అందులో నేను అను మాట చాల తక్కువ. నది అను మాట ఎక్కువ.

దరఖాస్తు పంపు దినముకూడ మఱపురానిది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు గడువు అక్టోబరు 15వ తేది సాయంకాలము ఆఱుగంటలు. అది బ్రిటను గడియారము. సిన్సినాటిలో అప్పుడు పగలు ఒంటిగంట. సలహాదారుగారు అర్ధరాత్రివఱకు వ్యవధి యున్నదని తలచి, పాఠశాలవారు జతపఱుపవలసిన సిఫారసును సాయంకాలము పంపెదమనుకొనిరి. ఆ సిఫారసు లేనిదే దరఖాస్తు కదలదు. అమెరికాలో మేము ఏ.పి. యని పిలుచు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలలో నాకు ముందు ఎన్ని మార్కులు రాగలవో అంచనాకూడ అందులో వ్రాయవలెను. (ఏ.పి. యనగా ఆంధ్రప్రదేశములో పరీక్ష యనుకొని మా తాతగారు చాలకాలము సంతోషించిరి.) ఆ అంచనా వ్రాయు వాడుక మా పాఠశాలలో లేదు. పండ్రెండుగంటలకు నేను పరుగున పోయి చెప్పగా, ఆమె భోజనము విడిచివచ్చి, పర్యావరణశాస్త్రపు ఉపాధ్యాయుని పిలిపించి, ఇద్దఱును కూర్చుండి పూర్తిచేసిరి. రుసుము 28 పౌండ్ల 50 పెన్నీలు చెల్లించి పంపునప్పటికి పండ్రెండు గంటల నలువది నిమిషములు.

డిసెంబరు నెలలో ఆ రెండు ప్రాచీన విశ్వవిద్యాలయములలో ఒకదానినుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చెను. కంప్యూటరు ముందు కూర్చుండి మాటాడవలెను. వారికి మధ్యాహ్నము రెండుగంటలు, మాకు ఉదయము తొమ్మిది. మా తల్లి అప్పుడే పనినుండి వచ్చి, తలుపు చప్పుడైన నాకు చెఱుపు కలుగునని మెట్లమీదనే కూర్చుండెను. ఇద్దఱు ఆచార్యులు. ఒకరు నా వ్యాసమునందలి గోడసంగతి యెత్తి, "1986 తరువాత ఆ గోడ కదలలేదని నీకెట్లు తెలియును?" అని అడిగిరి. నేను విస్తుపోతిని. ఇల్లే కొంచెము నేలలోనికి దిగినయెడల, తక్కువ నీరైనను గోడమీద ఎక్కువ ఎత్తున కనబడునుగదా! ఈ సంగతి నాకు ఒక్కనాడును తోచలేదు. "ఒక గోడ సాక్ష్యము చాలునా? నూఱు గోడలు చూడవలసిన యెడల ఏ నూఱు ఎంచుదువు?" అని రెండవవారు అడిగిరి. అప్పుడు భయపడి, వరదలో అమ్మమ్మ పడిన బాధను వర్ణింప మొదలిడితిని. వారు ఓర్పుతో వినిరి. పిదప మొదటివారు, "అది విచారకరము. కాని మా ప్రశ్న గోడనుగూర్చి" అనిరి. ఆ నిమిషమున, వేసవిలో చించివేసిన వ్యాసమును మరల వ్రాయుచున్నట్లు నాకు తోచెను. జనవరిలో వారు నన్ను చేర్చుకొనలేమని తెలిపిరి.

రెండు దినములు ఎవ్వరితోను మాటాడలేదు. మూడవనాడు అమ్మమ్మకు ఫోనుచేసి, మన ఇల్లు దిగినదా యని అడిగితిని. ఆమె నవ్వి, "వాకిట్లో మూడు మెట్లుండేవిరా నాయనా. నువ్వు పుట్టేటప్పటికే ఒకటి మట్టి తినేసింది" అనెను. నేను ఆ వాకిటిలో ఎన్నివేలమార్లు ఎక్కి దిగితినో! మూడవ మెట్టున్నదని ఎఱుగను. అయితే ఇల్లు నేలలోనికి దిగినదా, లేక వరద వరదకు ఒండ్రు పేరుకొని వాకిలియే పైకి లేచినదా? ఇల్లు దిగినచో గోడగీతల తేడాకు అదియొక కారణము కావచ్చును. వాకిలి లేచినచో గీతలకు దానితో పనిలేదు. రెండింటిలో ఏదో ఇంటికి దూరముగా కదలని గుఱుతునుండి కొలిచినగాని తేలదు. నిరాకరించిన ఆ యాచార్యులు నాకు చేసిన ఉపకారమిది. వారిమీద నాకు కినుక లేదు.

మిగిలిన నాలుగింటిలో రెండు విశ్వవిద్యాలయములు షరతుతో చేర్చుకొందుమనిరి. ఒకదానిని మొదటి కోరికగాను, ఒకదానిని రక్షణగాను ఉంచుకొనవలెనని నియమము. నేను మొదట కోరినవారి షరతు మూడు ఏ.పి. పరీక్షలలో 5 రావలెననుట. ఆ పరీక్షలలో 5 కంటె హెచ్చు లేదు. నాకు అంతవఱకు రెండింటిలో 5 వచ్చియుండెను. మే నెలలో గణాంకశాస్త్రము, గణితము, ఆంగ్లము వ్రాసితిని. జూలైలో ఫలితములు వచ్చెను: గణితమున 4, ఆంగ్లమున 4, గణాంకమున 5. నూఱు గోడలను ఎట్లు ఎంచవలెనో చెప్పు శాస్త్రము గణాంకమే. ఇంటర్వ్యూ పిదప దానినే ఎక్కువ శ్రద్ధతో చదివితిని.

ఇక ధనమును గూర్చి. ఇది చెప్పకున్నచో నా వ్యాసము అబద్ధమగును. 2025–26లో ఇంగ్లండున ఆ దేశపు విద్యార్థికి ఏటి రుసుము హెచ్చుగా 9,535 పౌండ్లు. పరదేశివానికి అట్టి మితి లేదు. తఱచు దానికి రెండు మూడు రెట్లుండును. ఒహాయో రాష్ట్రమునందలి విశ్వవిద్యాలయముకూడ నన్ను చేర్చుకొనెను. మా నాన్నగారు ఒక రాత్రి కాగితముమీద లెక్కవేసిరి. ఒహాయోలో ఇంటనుండి నాలుగేండ్లు చదివిన వ్యయము, ఇంగ్లండులో మూడేండ్ల వ్యయమునకు సగముకంటె తక్కువ. నాన్నగారు కాగితమును మడిచి ఊరకుండిరి. ఇంగ్లండువారు రుసుములో కొంతభాగము తగ్గించిరి. అమెరికాలో శాశ్వతనివాసమున్న వారికి ఆ ప్రభుత్వమిచ్చు విద్యార్థి ఋణము బ్రిటనులోని పలు విద్యాలయములలో చెల్లును. మొదటియేటికి 5,500 డాలర్లు దొరకెను. మేనమామగారు కొంత అప్పిచ్చిరి. మిగిలినదానికి మా తల్లి వారమునకొక రాత్రి అదనముగా పనిచేయుటకు ఒప్పుకొనెను. నేను వలదంటిని. అంతగా వలదనలేదేమోనని ఇప్పటికిని నాకు సంశయము.

నా పాస్‌పోర్టు భారతదేశపుది గనుక వీసాకు ధనము చూపవలసివచ్చెను. మొదటియేటి రుసుముగాక, లండను వెలుపల నెలకు 1,136 పౌండ్లవంతున తొమ్మిది నెలలకు 10,224 పౌండ్లు, ఇరువదియెనిమిది దినములు ఒక్క పౌండైనను తగ్గక బ్యాంకులో నిలిచియుండవలసివచ్చెను. ఆ ఇరువదియెనిమిది దినములు మా ఇంట ఎవ్వరును ఏ వస్తువును కొనలేదు. ఆరోగ్యవ్యయమునకు ఏటికి 776 పౌండ్లు వేఱుగ కట్టితిమి. ఈ మొత్తములన్నియు, ఎవరిది ఎంతయో, ఒక నోటుపుస్తకములో వ్రాసికొంటిని. నేను చేసినది సరియైన పనియని మీకు చెప్పజాలను. ఆ పుస్తకము నా బల్లమీద నున్నది. చదువ బద్ధకించిన దినమున దానిని తెఱచెదను.

సోదర విద్యార్థులారా! మీలో కొందఱు ఏదో యొకనాడు ఏదో యొక దేశమునకు దరఖాస్తు వ్రాయుదురు. అమెరికా పద్ధతి చెడ్డదని, బ్రిటను పద్ధతి మంచిదని నేను చెప్పను. పదునేడేండ్లకే ఒక శాస్త్రమును ఎంచుకొనలేని బుద్ధిమంతులు పెక్కుమంది యున్నారు. వారికి అమెరికా వ్యవధి యిచ్చును. నేను చెప్పగోరినది ఒక్కటియే. దరఖాస్తులో మీకు చెందనిదానిని వ్రాయకుడు. అది మీ తల్లిదండ్రుల కష్టమైనను సరే, ఎక్కడనో చదివిన గొప్పమాటయైనను సరే. మీది యొక చిన్న ప్రశ్న యున్న యెడల దానిని వ్రాయుడు. లేనియెడల ముందు దానిని వెదకికొనుడు.

కడపట మీకొక మనవి. రాబోవు వేసవి సెలవులలో నేను లంకకు వచ్చుచున్నాను. మీలో గోదావరి గట్లలోపలి ఊళ్ల వారు పలువు రున్నారు. మీ ఇండ్ల గోడలమీద 1986 నాటి గీతగాని, 2022 నాటి గీతగాని యున్నచో, గడపనుండి వాటి ఎత్తును అంగుళములలో కొలిచి, ఇల్లు ఎప్పుడు కట్టినది, అప్పుడు వాకిట మెట్లెన్ని, ఇప్పుడెన్ని కనబడుచున్నవి, అను సంగతులను పెద్దలనడిగి వ్రాసి, మన భూగోళ ఉపాధ్యాయులవారికి ఇయ్యుడు. గీత లేని ఇంటివారుకూడ లేదని వ్రాసి యిచ్చినయెడల మేలు. గీతలున్న ఇండ్లనే ఎంచినచో లెక్క తప్పునని ఇప్పుడు నేర్చుకొంటిని. వారు ఆ కాగితములను భద్రపఱచెదమని దయతో ఒప్పుకొనిరి. నాకు కావలసిన నూఱు గోడలు మీ ఊళ్లలోనే యున్నవి.

— ఒక పూర్వవిద్యార్థి